గడ్డ ఎంత గట్టిది?

వేలికి తెలిసిన సంగతి అల్ట్రాసౌండ్ యంత్రానికి నలభై ఏళ్ల దాకా తెలియలేదు. రొమ్ములో గడ్డ గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అనేది చెయ్యి తిరిగిన డాక్టరమ్మ మూడు వేళ్లతో అదిమి చూసి చెప్పేస్తుంది. లక్షలు పోసి కొన్న స్కానింగ్ యంత్రం గడ్డ ఎక్కడుందో చూపించేది, పొడవు వెడల్పులు కొలిచి ఇచ్చేది, అంచులు నున్నగా ఉన్నాయో గరుకుగా ఉన్నాయో తెర మీద పెట్టేది. గట్టిదనం మాట అడిగితే మాత్రం దాని దగ్గర జవాబు ఉండేది కాదు.

యంత్రం కొత్తది కావడం వల్ల వచ్చిన లోటు కాదిది. 1952 నాటికే అమెరికాలోని మినియాపోలిస్‌లో జాన్ వైల్డ్ అనే సర్జన్, జాన్ రీడ్ అనే ఇంజినీరు కలిసి చేత్తో పట్టుకునే ప్రోబ్‌తో రొమ్ము గడ్డలను పరీక్షించారు. కడుపులో బిడ్డను అల్ట్రాసౌండ్‌తో చూసిన సంగతి గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం ప్రచురించింది 1958లో. మనమంతా గర్భిణుల పరీక్షగా ఎరిగిన ఈ స్కానింగ్, అంతకంటే ముందే రొమ్ము గడ్డల దగ్గరికి వెళ్లిందన్నమాట.

లోటు ధ్వని స్వభావంలో ఉంది. ప్రోబ్ నుంచి బయల్దేరిన ధ్వని తరంగం కణజాలాన్ని నొక్కుతూ వదులుతూ ముందుకు సాగుతుంది. నొక్కినప్పుడు ఘనపరిమాణం తగ్గకుండా కణజాలం ఎంత ఎదురు తిరుగుతుందో దాన్నిబట్టి ఆ తరంగం వేగం ఉంటుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. నీటిని నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం. అందుకే కొవ్వులోనైనా, పాల గ్రంథుల్లోనైనా, కణితిలోనైనా ధ్వని సెకనుకు 1540 మీటర్లకు కాస్త అటూ ఇటూగానే పోతుంది. తేడా నూటికి కొద్ది పాళ్లే. వేలు అడిగే ప్రశ్న వేరు: అదిమితే నీ ఆకారం మారుతుందా? ఈ విషయంలో తేడా పాళ్లలో కాదు, రెట్లలో ఉంటుంది. కెనడాలోని లండన్ నగరంలో అబ్బాస్ సమాని బృందం, ఆపరేషన్లలో తీసిన 169 రొమ్ము కణజాలపు ముక్కలను తాజాగా ఉండగానే కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించింది. పడుచు వయసులో తరచూ కనిపించే ఫైబ్రోఅడినోమా గడ్డలు మామూలు గ్రంథి కణజాలం కంటే సుమారు రెండు రెట్లు గట్టివి. క్యాన్సర్లు మూడు నుంచి ఆరు రెట్లు. పాల నాళాల్లో పుట్టి బయటికి పాకిన ఉద్ధృతమైన క్యాన్సర్లయితే 13 రెట్ల దాకా ఉన్నాయి. ఇంత పెద్ద తేడా మాత్రం మామూలు స్కానింగ్‌లో రెండు బూడిదరంగు మచ్చలుగానే కనిపిస్తుంది.

వేలికి ఉన్న ఈ తెలివి చాలా పాతది. ఎడ్విన్ స్మిత్ పాపిరస్ అనే ఈజిప్టు వైద్య పత్రం సుమారు 3,600 ఏళ్ల నాటిది. అందులో 45వ కేసు రొమ్ము మీది గడ్డలదే. చెయ్యి పెడితే చల్లగా, పచ్చికాయలా గట్టిగా తగులుతాయని రాసి, చికిత్స లేదని తేల్చేశాడు ఆ వైద్యుడు. అదే వేలి తెలివి మన కాలంలో ముంబైలో పెద్ద పరీక్షకు నిలబడింది. టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు 1998లో మొదలుపెట్టి, 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న 1,51,538 మంది స్త్రీలను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గం స్త్రీలకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఇంటి దగ్గరి క్లినిక్కుల్లో చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ లేదు, స్కానింగ్ లేదు. ఇరవై ఏళ్ల లెక్కలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఈ వర్గంలో క్యాన్సర్లు ముందు దశల్లోనే దొరికాయి. యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో అలాంటి తగ్గుదల కనిపించలేదు. ఆ సంగతి దాచకూడదు. అయినా, కార్యకర్తల చేతివేళ్లు ఇంత పని చేశాయంటే గట్టిదనం అనే లక్షణాన్ని ఎంత నమ్మవచ్చో తెలుస్తుంది.

వేలికి హద్దులున్నాయి. లోతుగా, ఛాతీ కండరానికి ఆనుకుని ఉన్న చిన్న గడ్డ దానికి అందదు. ‘గట్టిగా ఉంది’ అని ఒక డాక్టరు రాస్తే, ఎంత గట్టిగా అన్నది రెండో డాక్టరుకు అందించే దారి లేదు. కాగితం మీద రాయగల కొలత కావాలి.

ఆ దారి 1991లో దొరికింది. హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జొనాథన్ ఓఫిర్ బృందం ఒక వ్యాసంలో ఈ పద్ధతిని వివరించి, దానికి ఎలాస్టోగ్రఫీ అని పేరు పెట్టింది. ఆలోచన తేలికైనదే. దూది పరుపులో చింతగింజ ఇరుక్కుందనుకుందాం. పైనుంచి చేత్తో నొక్కితే దూది అణుగుతుంది. గింజ అణగదు, తన ఆకారం చెడకుండా అలాగే కిందికి జరుగుతుంది. గింజ కంటికి కనిపించకపోయినా, పరుపులో ఏ పొర ఎంత జరిగిందో కొలవగలిగితే దాని జాడ తెలిసిపోతుంది. ఓఫిర్ చేసింది ఆ కొలతే. రొమ్మును అదమకముందు వచ్చిన ప్రతిధ్వనులను దాచుకోవడం, చాలా కొద్దిగా, సుమారు ఒక శాతం మేర, అదిమి మళ్లీ ప్రతిధ్వనులు తీసుకోవడం, రెండింటినీ వరసగా పోల్చడం. కణజాలంలో ప్రతి చోటుకీ తనదైన ప్రతిధ్వని పోగు ఉంటుంది. అది మైక్రాన్ల మేర జరిగినా కంప్యూటరు పట్టేస్తుంది. ఎక్కడ జరుగుడులో తేడా ఎక్కువగా ఉందో అక్కడ కణజాలం అణిగినట్టు, అంటే మెత్తన. అణగని చోటు గట్టి.

దీన్ని రోగుల మీద ప్రయత్నించిన తొలి ఫలితాలు 1997లో వచ్చాయి. వాటిలో ఒక విచిత్రం బయటపడింది. క్యాన్సర్లు ఎలాస్టోగ్రఫీ బొమ్మలో గట్టిగా కనిపిస్తాయని అందరూ ఊహించిందే. ఊహించనిది ఇది: మామూలు స్కానింగ్‌లో రెండు సెంటీమీటర్లున్న క్యాన్సర్ గడ్డ గట్టిదనపు బొమ్మలో అంతకంటే పెద్దదిగా వస్తోంది. ఫైబ్రోఅడినోమా ఇందులోనూ అందులోనూ దాదాపు ఒకే సైజులో ఉంటోంది. ఈ రెండు బొమ్మల పరిమాణాల నిష్పత్తినే చాలామంది రేడియాలజిస్టులు ఇప్పుడు ఒక కొలతగా వాడుతున్నారు. గట్టిదనపు బొమ్మలో గడ్డ పెద్దదైతే అనుమానించాలి.

ఎందుకు పెద్దదవుతుంది? నా దృష్టిలో ఈ విషయం మొత్తంలోకీ మనసు పట్టేసే ప్రశ్న ఇదే. జవాబు కణితి లోపల లేదు, దాని చుట్టూ ఉంది. క్యాన్సర్ కణం వేలి కింద గట్టిగా తగలదు. విడిగా చూస్తే మెత్తనిదే. గట్టిదనం తెచ్చేది ఆ కణాల చుట్టూ పేరుకునే కొల్లాజెన్ అనే పీచు ప్రోటీను. క్యాన్సర్ కణాలు పంపే రసాయన సంకేతాలకు చుట్టుపక్కల ఉన్న ఫైబ్రోబ్లాస్టు కణాలు మేలుకుని, గాయం మానేటప్పుడు చేసినట్టే కొల్లాజెన్ పోగులు అల్లడం మొదలుపెడతాయి. గాయమైతే కొన్నాళ్లకు మానుతుంది, అల్లిక ఆగుతుంది. ఇక్కడ ఆగదు. పైగా లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ పోగుల మధ్య అడ్డుకట్లు వేసి వాటిని బిగిస్తుంది. ఇలా బిగిసిన ప్రాంతం కణితి అంచు దాటి ఆరోగ్యంగా కనిపించే కొవ్వులోకి కూడా పాకుతుంది. మామూలు స్కానింగ్ చూపించేది కణితిని. గట్టిదనపు బొమ్మ చూపించేది కణితిని, దానితో పాటు అది చుట్టూ మార్చేసిన ప్రాంతాన్ని.

ఈ బిగుసుకోవడం క్యాన్సర్ విడిచిపెట్టిన ఆనవాలు మాత్రమే కాదు, దాన్ని ముందుకు తోసే శక్తుల్లో ఒకటి కూడా. కాలిఫోర్నియాలో వాలరీ వీవర్ ప్రయోగశాల 2009లో ‘సెల్’ పత్రికలో చూపించిన ప్రకారం, ఎలుకల్లో ఆ ఎంజైమును అడ్డుకుని కొల్లాజెన్ బిగుసుకోకుండా చేస్తే కణితులు పెరగడం నెమ్మదించింది. విస్కాన్సిన్‌లో పావొలో ప్రోవెంజానో, పట్రీషియా కీలీ అంతకు మూడేళ్ల ముందే ఇంకో సంగతి చూపారు. కణితి ముదిరేకొద్దీ కొల్లాజెన్ పోగులు దాని చుట్టూ చుట్టుకోవడం మాని, అంచుకు నిలువుగా బయటికి తిరుగుతాయి. క్యాన్సర్ కణాలు ఆ పోగుల వెంటే బయటికి పాకుతాయి. రొమ్ములో గట్టి గడ్డ చేతికి తగిలిందంటే, వేలు తాకుతున్నది చాలావరకు ఈ అల్లికనే.

ఈ శతాబ్దం మొదట్లో ఎలాస్టోగ్రఫీ జపాన్‌లో ఆస్పత్రి గదుల్లోకి వచ్చింది. హిటాచీ కంపెనీ యంత్రంతో త్సుకుబా విశ్వవిద్యాలయ వైద్యులు పనిచేసి, 2006లో ఐదు మెట్ల స్కోరు ప్రతిపాదించారు. గడ్డ అంతా మెత్తగా సాగితే 1. కొంత మెత్తన, కొంత గట్టి కలగలిసి ఉంటే 2. అంచులు మెత్తన, నడుమ గట్టి అయితే 3. గడ్డ మొత్తం గట్టిగా ఉంటే 4. గడ్డతో పాటు చుట్టుపక్కల కూడా గట్టిగా ఉంటే 5. ఈ ఐదో మెట్టులో, పైన చెప్పిన కొల్లాజెన్ కథంతా ఉంది. వాళ్లు పరీక్షించిన 111 గడ్డల్లో 52 క్యాన్సర్లు. స్కోరు 4 లేదా 5 వస్తే క్యాన్సర్ అనుకోవాలన్న గీత గీసుకుంటే, క్యాన్సర్లలో 86.5 శాతాన్ని పట్టుకున్నారు. మామూలు గడ్డల్లో 89.8 శాతాన్ని మామూలువని సరిగ్గా చెప్పారు.

అయితే ఇందులో చెయ్యి పాత్ర ఇంకా మిగిలే ఉంది. అదిమేది మనిషే. ఒకరు గట్టిగా అదుముతారు, ఒకరు సుతారంగా. పైగా ఇది పక్క కణజాలంతో పోల్చి చెప్పే గట్టిదనమే తప్ప, ఇంత అని అంకెలో చెప్పేది కాదు. మనిషి అదమకుండా యంత్రమే లోపలికి వెళ్లి అదమగలదా?

అదమగలదని చూపించినవారిలో ముందు చెప్పుకోవలసింది పారిస్‌లోని ఈఎస్‌పీసీఐ విద్యాసంస్థలో మథియాస్ ఫింక్, మికాయెల్ టాంటర్, జెరెమీ బెర్కాఫ్‌లను. ధ్వని పుంజాన్ని ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తే అది కణజాలాన్ని మైక్రాన్ల మేర తోస్తుంది. ఆ తోపుకు, తోసిన దిశకు అడ్డంగా, రెండు పక్కలకూ ఒక అల బయల్దేరుతుంది. దాన్ని షియర్ తరంగం అంటారు. దీని వేగాన్ని నిర్ణయించేది కణజాలం ఆకారం మార్చుకోవడానికి చూపే మొండితనం, అంటే వేలు అడిగే ప్రశ్నే. మెత్తటి కొవ్వులో ఇది సెకనుకు ఒకటి రెండు మీటర్లు పోతే, గట్టి క్యాన్సర్‌లో ఏడెనిమిది మీటర్లు పోవచ్చు. వేగం రెట్టింపైతే గట్టిదనం నాలుగు రెట్లైనట్టు. సెకనుకు 5.2 మీటర్లంటే సుమారు 80 కిలోపాస్కళ్లు, 7.3 మీటర్లంటే 160.

కొలవడమే కష్టం. సెకనుకు ఐదు మీటర్లు పోయే అల రెండు సెంటీమీటర్ల గడ్డను వెయ్యింట నాలుగు వంతుల సెకనులో దాటేస్తుంది. మామూలు స్కానర్ సెకనుకు యాభై బొమ్మలు తీస్తుందనుకుంటే, ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య వెయ్యింట ఇరవై వంతులు గడుస్తాయి. రెండో బొమ్మ తీసేసరికి అల వెళ్లిపోయి ఉంటుంది. పారిస్ బృందం ఒక్కో గీతనూ వరసగా స్కాన్ చేసే పాత పద్ధతి వదిలేసి, కణజాలం మొత్తం మీద ఒకేసారి ధ్వనిని పరిచి, సెకనుకు వేల బొమ్మలు తీసింది. తోసే బిందువును కూడా లోతుకు వరసగా, ఆ అల కంటే వేగంగా జరుపుకుంటూ పోయింది. ధ్వనిని మించిన వేగంతో పోయే విమానం వెనక శంఖాకారంలో అల ఏర్పడినట్టే ఇక్కడా అలలన్నీ కలిసి బలమైన ఒక శంఖంగా తయారవుతాయి. 2004లో ఈ పద్ధతి ప్రచురితమైంది. మరుసటి ఏడు సూపర్‌సోనిక్ ఇమాజిన్ అనే కంపెనీ పుట్టింది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో క్యాథరిన్ నైటింగేల్ ఇదే ధ్వని తోపును వేరే రకంగా వాడే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఈనాటి పెద్ద కంపెనీల యంత్రాల్లో చాలావాటిలో ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకదాని వారసత్వం కనిపిస్తుంది.

స్కానింగ్ గదిలో ఇదెలా జరుగుతుందో చూద్దాం. పరీక్షకు వచ్చిన ఆమె కాస్త పక్కకు ఒత్తిగిల్లి, ఆ వైపు చెయ్యి తల మీదికి పెట్టుకుని పడుకుంటుంది. అలా పడుకుంటే రొమ్ము ఛాతీ మీద పలచగా పరుచుకుంటుంది, గడ్డ పైకి వస్తుంది. ముందు మామూలు స్కానింగ్ అవుతుంది. తర్వాత రేడియాలజిస్టు ఇంకాస్త ఎక్కువ జెల్ వేసి, ప్రోబ్‌ను చర్మానికి నిట్టనిలువుగా, దాదాపు ఆన్చీ ఆన్చనట్టు పెడుతుంది. “ఊపిరి ఒక్క క్షణం బిగబట్టమ్మా,” అంటుంది. కొన్ని సెకన్లు చెయ్యి కదపదు. తెర మీద ఎడంపక్క బూడిదరంగు బొమ్మ, కుడిపక్క అదే బొమ్మ మీద రంగుల పెట్టె. రంగులు మొదట్లో వణుకుతూ, మారుతూ ఉంటాయి. నిలకడగా కుదురుకున్నాక బొమ్మను ఆపి, అన్నిటికంటే గట్టిగా ఉన్న చోట చిన్న గుండ్రటి గురి పెడుతుంది. సాధారణంగా ఆ చోటు గడ్డ నడిమధ్యలో కాక అంచు మీద దొరుకుతుంది. అక్కడి అంకె నమోదవుతుంది. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, సూది లేదు.

ఆ ‘ఆన్చీ ఆన్చనట్టు’ అన్నదాంట్లోనే పనితనమంతా ఉంది. ప్రోబ్‌ను కాస్త బలంగా నొక్కితే మెత్తటి కొవ్వు కూడా గట్టిపడి, పెద్ద అంకె చూపిస్తుంది. నొక్కుడు మరీ ఎక్కువైతే మంచి గడ్డకూ చెడ్డ గడ్డకూ తేడా చెరిగిపోతుంది. బాగా నేర్చుకున్న చేతి అవసరం యంత్రం వచ్చినా తీరలేదు.

మరి ఈ కొలత ఎవరికి ఉపయోగం? దీనికి స్పష్టమైన జవాబుంది, దాన్ని చాలామందికి చెప్పరు. స్కానింగ్ రిపోర్టు కింద బైరాడ్స్ అనే వరుస సంఖ్య ఉంటుంది. 3 అంటే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలలకు మళ్లీ చూద్దామని. 4ఏ అంటే 2 నుంచి 10 శాతం లోపు, బయాప్సీ చేయాలని. 5 అంటే 95 శాతం పైనే. ఈ 4ఏ గుంపులో బయాప్సీ చేయించుకున్న స్త్రీలలో పదింట తొమ్మిది మందికి పైగా గడ్డ మామూలుదేనని తేలుతుంది. సూది పొడిపించుకుని, ఫలితం వచ్చేదాకా వారం రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, బతికిన ఆ వారాన్ని రిపోర్టు లెక్కపెట్టదు.

అమెరికా, ఐరోపాల్లోని 16 కేంద్రాల్లో వెండీ బెర్గ్ తదితరులు చేసిన అధ్యయనం 2012లో రేడియాలజీ పత్రికలో వచ్చింది. 939 గడ్డలు, 289 క్యాన్సర్లు, 650 మామూలువి. మామూలు స్కానింగ్ ఒక్కదాని మీదే ఆధారపడితే ఆ 650లో 61.1 శాతాన్ని మాత్రమే సరిగ్గా మామూలువని చెప్పగలిగారు. 4ఏ గడ్డ గట్టిదనం 80 కిలోపాస్కళ్లు దాటకపోతే దాన్ని 3కి దించాలని నియమం పెట్టుకుంటే, అది 77.4 శాతానికి పెరిగింది. క్యాన్సర్లను పట్టుకోవడంలో చెప్పుకోదగ్గ నష్టం రాలేదు. ఒక్కో శాతం వెనకా ఉన్నది సూది తప్పిన మనిషి. మరుసటి సంవత్సరం, 2013లో, అమెరికన్ రేడియాలజీ కళాశాల తన బైరాడ్స్ ఐదో కూర్పులో గట్టిదనాన్ని కూడా రాయదగిన లక్షణాల్లో చేర్చింది: మెత్తన, మధ్యస్థం, గట్టి. అయితే బొమ్మ ఆకారం, అంచులు చెప్పే మాటే ముందుండాలని కూడా చెప్పింది.

ఆ షరతు ఎందుకో తెలియాలంటే మెత్తటి క్యాన్సర్ల గురించి తెలియాలి. అన్ని క్యాన్సర్లూ కొల్లాజెన్ అల్లవు. జిగురు నిండిన మ్యూసినస్ క్యాన్సర్ మెత్తగా ఉంటుంది. పాల నాళం దాటి బయటికి పాకని తొలి దశ క్యాన్సరూ చాలాసార్లు మెత్తనే. సెంటీమీటరు లోపు చిన్న క్యాన్సర్లకు ఇంకా గట్టిపడేంత సమయం దొరికి ఉండదు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. ట్రిపుల్ నెగెటివ్ అనే ఉద్ధృతమైన రకంలో కొన్ని కణితులు ఎంత వేగంగా పెరుగుతాయంటే, లోపలి భాగం కుళ్లి మెత్తబడుతుంది, అంచులు గుండ్రంగా నున్నగా ఉంటాయి. మామూలు స్కానింగ్‌లో ఫైబ్రోఅడినోమా వేషం, ఎలాస్టోగ్రఫీలో మెత్తటి వేషం. రెండు పరీక్షలూ ఒకేసారి మోసపోవచ్చు. అందుకే 4బీ, 4సీ, 5 అని బొమ్మ చెప్పిన గడ్డను ‘మెత్తగా ఉంది కదా’ అని వదిలేయకూడదు. పరీక్ష చేసే వారికీ, చేయించుకునే వారికీ గట్టిగా చెప్పవలసిన మాట ఇది. గట్టిదనం కొత్త అనుమానం పుట్టించవచ్చు. స్కానింగ్‌లో బలంగా కనిపించిన అనుమానాన్ని కొట్టేసే అధికారం దానికి లేదు.

ఇటువైపు గట్టిగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు. సున్నం పట్టిన పాత ఫైబ్రోఅడినోమా, దెబ్బ తగిలి చచ్చిపోయిన కొవ్వు, పాత ఆపరేషన్ మచ్చ గట్టిగా కొలతకు వస్తాయి. మన దేశంలో రొమ్ముకు పట్టే క్షయ, గ్రాన్యులోమా వాపులు క్యాన్సర్‌లా కనిపించి డాక్టర్లను తిప్పలు పెడతాయి. నీటి తిత్తుల విషయంలో మాత్రం ఈ పరీక్ష ముచ్చటగా పనిచేస్తుంది. షియర్ తరంగం ద్రవంలో ప్రయాణించలేదు కాబట్టి నీరు నిండిన తిత్తి రంగుల బొమ్మలో ఖాళీగా మిగులుతుంది. లోపల చిక్కటి ద్రవం ఉండి, మామూలు స్కానింగ్‌లో గట్టి గడ్డేమోనని అనిపించే తిత్తి గుట్టు కొన్నిసార్లు ఇలా బయటపడుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక చాలామందిని హడలెత్తించేది రంగు. ఎరుపు కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. కానీ రంగులకు అందరూ ఒప్పుకున్న నియమం లేదు. హిటాచీ సంప్రదాయంలో నీలం అంటే గట్టి, ఎరుపు అంటే మెత్తన. సూపర్‌సోనిక్ యంత్రాల్లో దీనికి తలకిందులు: ఎరుపు గట్టి, నీలం మెత్తన. ఒకే గడ్డ ఒక ఆస్పత్రిలో నీలంగా, ఇంకో ఆస్పత్రిలో ఎర్రగా ముద్రించి ఇవ్వడం మామూలే. బొమ్మ పక్కన నిలువుగా రంగుల పట్టీ ఒకటి ఉంటుంది. ముందు దాన్ని చూడాలి. అంకెలకూ ఇదే జాగ్రత్త. కొన్ని యంత్రాలు కిలోపాస్కళ్లలో, కొన్ని సెకనుకు మీటర్లలో ఇస్తాయి. ఒక కంపెనీ యంత్రం మీద వచ్చిన అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి, ఆరు నెలల్లో గట్టిపడింది, మెత్తబడింది అనుకోవడం తప్పు. మళ్లీ పరీక్ష అవసరమైతే వీలైనంత వరకు అదే యంత్రం మీద చేయించుకోవడం మేలు.

2022లో ప్రపంచవ్యాప్తంగా 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, 6.7 లక్షల మంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అదే ఏడాది భారతదేశంలో కొత్త కేసులు సుమారు 1.92 లక్షలు, మరణాలు 98 వేలు. నిష్పత్తి చూస్తే మనస్సు కలుక్కుమంటుంది. మన దగ్గర ఆలస్యంగా దొరుకుతోంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన స్త్రీలకు తక్కువ వయసులో వస్తోంది. ఆ వయసులో రొమ్ము గ్రంథులతో చిక్కగా ఉండి మామోగ్రామ్ మీద గడ్డలు మరుగున పడతాయి. అందుకే మన దేశంలో అల్ట్రాసౌండ్‌కు విలువ ఎక్కువ.

30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన సిబ్బందితో రొమ్ము పరీక్ష జరగాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకోవడం ఆ ఏర్పాటులో భాగమే. ఎలాస్టోగ్రఫీ ఆ మొదటి మెట్టు మీద పనికొచ్చేది కాదు. చేతికి గడ్డ తగిలి, స్కానింగ్‌కు పంపాక, బయాప్సీ చేయాలా, ఆరు నెలలు ఆగాలా అని తేల్చుకునే మధ్య మెట్టు దానిది. యంత్రాన్ని ఊరూరా తిప్పుదామన్నా అంత సులువు కాదు. ఆడపిల్లను కడుపులోనే గుర్తుపట్టి తీయించేయడానికి ఇదే యంత్రాన్ని వాడారు కాబట్టి, 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, రిజిస్టరైన చోటు దాటించి ఇష్టానుసారం తీసుకెళ్లకూడదు. ఆ చట్టం అవసరమే. అయినా ఆడపిల్లల మీద జరిగిన ఆ అన్యాయం, ఇంకో రూపంలో పల్లెటూరి స్త్రీల రొమ్ము స్కానింగ్‌ను కూడా దూరం చేసింది. ఆమె స్కానింగ్ దగ్గరికి బస్సెక్కి రావలసిందే.

క్యాన్సర్ అని తేలాక కూడా గట్టిదనానికి పని ఉంది. స్కాట్లాండ్‌లోని డండీలో ఆండీ ఎవాన్స్ బృందం 2012లో చూపిన ప్రకారం, గట్టిదనం ఎక్కువగా ఉన్న క్యాన్సర్లు సైజులో పెద్దవిగా, ఉద్ధృతమైనవిగా, చంకలో బిళ్లలకు పాకినవిగా ఉండే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందే కీమోథెరపీ ఇచ్చే రోగుల్లో, గడ్డ సైజు తగ్గడానికి ముందే మెత్తబడుతోందా అని గమనించే పరిశోధనలు జరుగుతున్నాయి. మందు పనిచేస్తోందో లేదో తొందరగా తెలిస్తే, పనిచేయని మందు వల్ల పడే బాధ కొన్ని వారాలైనా తగ్గుతుంది.

కిలోపాస్కళ్లు చెప్పలేనివి మాత్రం కొన్ని ఉన్నాయి. ఆ కణాల మీద ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్నాయా, హెర్2 ప్రోటీను ఎక్కువగా ఉందా, మాత్రలతో లొంగుతుందా, కీమో ముందు ఇవ్వాలా, ఆపరేషన్ ముందు చేయాలా అన్నవి ఏ రంగుల బొమ్మలోనూ దొరకవు. అవి తెలియాలంటే చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, 14 గేజీ సూదితో గడ్డ లోంచి అగ్గిపుల్లంత మందాన కొన్ని ముక్కలు తీసి, ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజిస్టుకు పంపాలి. 4ఏ మెత్తగా ఉండి ఆరు నెలల గడువు దొరికిన స్త్రీకి ఈ సూది తప్పింది. మిగతా అందరికీ ఇది ఎంత త్వరగా పడితే అంత మంచిది.